మస్టర్ ఆఖర్నే

సారవ్వకు కోపం వస్తే పిండి గిర్నీ మోటారు ఆపాల్సిన అవసరం లేదు. ఆ మోత మీదుగానే ఆమె తిట్లు పక్క లైను క్వార్టర్ల దాకా వినిపిస్తాయి. తడి ఆరని గోధుమలు తెచ్చినవాణ్ణి తిడుతుంది. తొడిమలు తీయకుండా మిరపకాయలు తెచ్చినదాన్ని తిడుతుంది. వరుస తప్పించి డబ్బా ముందుకు జరిపారా, వాళ్ళ ఏడు తరాలనూ పేరు పేరునా పిలిచి తిడుతుంది. గోదావరిఖనిలో బొగ్గుబాయి పక్కనున్న ఆ ఇంక్లైన్ కాలనీలో ఆమె నోట పడని మనిషి లేడు. అయినా జనం ఆ గిర్నీకే వస్తారు. తిట్టించుకోవడానికి కాదు, ఆ గిర్నీ వాళ్ళదే కాబట్టి.

అక్షరాలా వాళ్ళదే. కాలనీలో ఆడా మగా రెండువందల పది మంది తలా ఒక వాటా వేసుకుని పెట్టుకున్న సంఘం అది. ఎంత ఉన్నవాడికైనా రెండో వాటా లేదు, ఓటు కూడా మనిషికి ఒకటే. సారవ్వ అందులో ఒక సభ్యురాలు, సంఘం ఇచ్చే జీతానికి పిండి పట్టే మనిషి. బయటివాళ్ళెవరైనా "నీ గిర్నీ మంచిగ నడుస్తున్నదా?" అని అడిగితే దానికీ ఆమెకు కోపమే. "నాది గాదు, మాది" అని మొహం మీదే అనేది.

అలాంటి గిర్నీ గోడకు రెండువేల పన్నెండు మార్చిలో, ఎవరో కొత్త మనిషి టేపు పట్టి కొలతలు తీస్తూ కనిపించాడు.

మిరపకాయల రోజులు. సారవ్వ ముక్కుకూ నోటికీ పాత చీర ముక్క కట్టుకుని, కారం రాయి దగ్గర చెమటలు కక్కుతోంది. వరుసలో ఇరవై డబ్బాలున్నాయి. టేపు చివర కిటికీ ఊచకు తగిలి టంగుమనేసరికి తలెత్తి చూసింది.

"ఎవలయ్యా నువ్వు? మా గోడ ఎందుకు కొలుస్తున్నవ్?"

"ఒకటో తారీఖు నుంచి షెడ్డు మాది గదమ్మా. పదిహేనేండ్ల లీజు. మసాలా ప్యాకెట్ల గోదాము పెడుతున్నం. మీ సెక్రెటరీ చెప్పలేదా?" అన్నాడతను, చాలా మర్యాదగా. జేబులోంచి జిరాక్సు కాగితం తీసి చూపించాడు.

సారవ్వకు చదువు రాదు. వరుసలో నిలబడ్డ యాస్మీన్‌ను పిలిచింది. యాస్మీన్ ప్రైవేటు బడిలో టీచరు. ఆమె తల్లి లతీఫున్నీసా, సారవ్వతో కలిసి ఈ గిర్నీకి పునాది వేసిన మనిషి.

యాస్మీన్ కాగితం చదువుతూ చదువుతూ గొంతు తగ్గించింది. "పెద్దమ్మా, సభ్యులందరు ఒప్పుకొని షెడ్డును, మిషన్లను లీజుకు ఇచ్చినట్టు తీర్మానం రాసుంది. నూట నలభై మూడు మంది సంతకాలున్నయి."

"ఎవల సంతకాలు?"

"మనయే."

సారవ్వ మోటారు ఆపింది. ఆ కాలనీలో పట్టపగలు, కరెంటు ఉండగా, పేలుళ్ళ సైరను మోగకుండానే గిర్నీ ఆగడం అదే మొదటిసారి. మూతికున్న గుడ్డ లాగి పారేసి, కారం అంటిన చేతులతోనే ఎల్లేశం ఇంటికి నడిచింది.

ఎల్లేశం సంఘానికి సెక్రెటరీ. సారవ్వ మొగుడు గట్టయ్య ఊరివాడే, ఆమెను వదినె అని పిలుస్తాడు. ఒకప్పుడు కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసేవాడు, రాతకోతలు తెలిసినవాడని సారవ్వే పట్టుబట్టి అతన్ని సెక్రెటరీని చేయించింది. "మనోడు" అని నలుగురికీ చెప్పి ఓట్లు వేయించింది. ఇప్పుడా మాట గుర్తొస్తే తన నాలుక తానే కోసుకోవాలనిపించింది.

"ఏందిరా ఎల్లేశం, గిర్నీ ఎవనికో రాసిచ్చినవట?" వాకిట్లోంచే అరిచింది.

ఎల్లేశం బెదరలేదు. లోపలికి పోయి రిజిస్టరు తెచ్చి, పేజీ తీసి అరుగు మీద పెట్టాడు.

"ఒట్టిగ ఒర్రకు వదినె. నేను ఒక్కన్ని రాసిచ్చిన్నా? చూడు. మొదటి వేలిముద్ర ఎవలది?"

చూసింది. మిగతావాళ్ళ ముద్రలన్నీ నీలంగా ఉన్నాయి. మొదటిది మాత్రం సగం నీలం, సగం ఎరుపు. చుట్టూ కాగితం మీద సన్నటి కారపు మరక. ఆ కాలనీలో కారం వేలితో ముద్ర వేసే మనిషి ఒక్కతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. బొగ్గుబాయిల్లో మస్టర్ పడటమని ఒక మాటుంది. షిఫ్టు మొదట్లో హాజరు పట్టీలో పేరు ఎక్కితే మస్టర్ పడినట్టు. మస్టర్ పడితే ఆ రోజు జీతం వచ్చినట్టే. బాయి దిగినవాళ్ళలో నూటికి తొంభై మంది ఒళ్ళు హూనం చేసుకుని బొగ్గు తీస్తారు. కానీ ప్రతి బాయి మీదా, మస్టర్ పడగానే ఏదో సాకు చెప్పి జారుకునే నేర్పరులు కొందరుంటారు. సారవ్వ మొగుడు గట్టయ్య ఆ విద్యలో ఆరితేరినవాడు. కడుపునొప్పి అనేవాడు, టోపీ దీపం వెలగట్లేదనేవాడు, లేని మేనమామను ముప్పై ఏళ్ళలో నాలుగుసార్లు చంపాడు. మస్టర్ పడటం, ఇంటికొచ్చి ముసుగు తన్నడం. ఈ అలవాటు మగవాళ్ళతో ఆగలేదు. కాలనీలో పెళ్ళికి పోయి ముఖం చూపించి రావడమూ మస్టర్ పడటమే, యూనియన్ మీటింగుకు పోయి రావడమూ మస్టర్ పడటమే.

ఫిబ్రవరిలో గిర్నీ సంఘం ఏటా పెట్టే సమావేశం జరిగింది. ఎల్లేశం టెంటు కింద బల్ల వేసుకుని, రిజిస్టరు ముందు పెట్టుకుని, "రాండ్రి, రాండ్రి, మస్టర్ పడి కూసోండ్రి" అని పిలిచాడు. మస్టర్ అనే మాట విన్నాక మనవాళ్ళకు కూర్చోవడం ఎక్కడిది? సంతకం పెట్టినవాడు పెట్టినట్టే వెళ్ళిపోయాడు. ఫస్టు షిఫ్టు నుంచి వచ్చినవాళ్ళు నిద్రకు, సెకండు షిఫ్టువాళ్ళు బాయికి, ఆడవాళ్ళు పొయ్యి దగ్గరికి. చివరికి టెంటు కింద పదకొండు మంది మిగిలారు. అందులో ముగ్గురు కునుకుతున్నారు. వాళ్ళ ముందు ఎల్లేశం తీర్మానం పూర్తిగా చదివాడు. నిజంగానే చదివాడు. కానీ పక్కనే గిర్నీ పూర్తి మోతతో నడుస్తోంది. నడిపింది సారవ్వే. ఆ రోజు మిరపకాయలు ఎక్కువ వచ్చాయని, మీటింగులో ఉండేదేముందిలే అని, ఎల్లేశం రిజిస్టరు లోపలికి తెచ్చి "వదినె, మస్టర్" అంటే మోటారు ఆపకుండా బొటనవేలు చాచింది.

"నేను చదివిన వదినె," అన్నాడు ఎల్లేశం రిజిస్టరు మూస్తూ. "ఉన్నోళ్ళు విన్నరు. పోయినోళ్ళకు ఎట్ల వినిపియ్యాలె? మీకు పిండి గావాలె, సంఘం అక్కర్లేదు. సమ్మెల కూలి లేకుంట పట్టి, మిషన్లు అరగదీసిర్రు. ఎన్నాళ్ళు నడుస్తది గిట్ల? లీజయితే ఏటా ఇంత అని ఇంటికే వస్తది. రోడ్డు పెద్దగైంది, షెడ్డుకు గిరాకొచ్చింది. నేను మీ మంచికే జేసిన."

"నీకేం ముట్టింది?"

"గోదాముల మేనేజరు నౌకరి." దాచకుండానే చెప్పాడు. దాచాల్సినంత తప్పు అతనికి కనపడలేదు.

సారవ్వకు చెంప మీద ఒక్కటి ఇవ్వాలనిపించింది. కానీ చెయ్యి లేవలేదు. లేవకపోవడానికి కారణం దయ కాదు, ఆ ఎర్రటి వేలిముద్ర. వాడు చెప్పినదాంట్లో సగం నిజమే కదా.

ఇంటికొచ్చి అన్నం కుండ దబ్బున దించింది. మంచం మీద గట్టయ్య ఉలిక్కిపడి లేచాడు.

"మొన్న గిర్నీ మీటింగుల సంతకం పెట్టినవా?"

"పెట్టిన."

"మీటింగుల కూసున్నవా?"

గట్టయ్య తల గోక్కున్నాడు. "మస్టరైతే పడ్డ గదనే."

అంతే. ఆ పూట గట్టయ్యకు అన్నం లేదు, కూర లేదు. తిట్లు మాత్రం రెండు పూటలకు సరిపడా దొరికాయి. "మస్టర్ పడి పడుకుంటానికి అది సర్కారు బాయి అనుకున్నవా? అది నీ సొంతం! నీ సొంత ఇంటికి మస్టర్ పడి పారిపోతవా?" అంటూ అరుస్తుంటే, అరుస్తున్నది మొగుడి మీదా తన మీదా అన్నది ఆమెకే తెలియలేదు.

ఆమె కోపం వెనక తొమ్మిదేళ్ళ నాటి ఒక డబ్బా ఉంది. రెండువేల మూడులో చౌరస్తా దగ్గర ఒక్కటే గిర్నీ ఉండేది, ఒక సేటుది. మిరపకాయలు పట్టిన రాయి మీదే గోధుమలు పోసేవాడు. పిల్లలు రొట్టె కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. ప్రతి డబ్బాలో దోసెడు పిండి తరుగుండేది, అడిగితే గాలికి పోయిందనేవాడు. మధ్యాహ్నం, పైనుంచి నేల తవ్వి బొగ్గు తీసే ఓపెన్ కాస్టు గనిలో పేలుళ్ళకు ముందు సైరను మోగుతుంది. నేల అదిరి రేకుల మీది దుబ్బంతా పిండిలో పడేది, వాడు మూత కూడా వేసేవాడు కాదు. అన్నీ భరించారు. ఒకరోజు సారవ్వ డబ్బా వంతు వచ్చే వేళకు పెద్దాఫీసరు ఇంటి జీపు ఆగింది. సేటు ఆమె డబ్బాను చేత్తో కూడా జరపలేదు, కాలితో తన్నాడు. మూత ఊడి గోధుమలు బొగ్గు బురదలో పడ్డాయి.

సారవ్వ అక్కడే నిలబడి వాణ్ణి తిట్టిన తిట్లు చౌరస్తాలో చాలాకాలం చెప్పుకున్నారు. కానీ ఆమె తిట్టి ఊరుకోలేదు. ఆ ఖాళీ డబ్బా చంకన పెట్టుకుని ఒక్కో లైను తిరిగింది. "వాని కాలు కింద మన తిండి ఉండాల్నా? మన గిర్నీ మనం పెట్టుకోలేమా?" అని ప్రతి గడపలో అడిగింది. మొదట ఒప్పుకున్నది లతీఫున్నీసా. ఆమె మొగుడు అలీముద్దీన్ మోటార్లు బాగుచేసే మెకానిక్. "సారక్కా, జాగా మీరు చూడుండ్రి, మోటారు ఆయన కూసోబెడ్తడు. ఫికర్ జెయ్యకుండ్రి" అన్నది. ఏడాదికి షెడ్డు లేచింది.

ఆ గిర్నీలో కారానికి వేరే రాయి, పిండికి వేరే రాయి. సైరను మోగగానే మోటారు ఆగి గింజల మీద తడిగుడ్డ పడుతుంది. సోమవారం పొద్దున రాళ్ళు కడిగి ఆరబెట్టి, మొట్టమొదట చంటిపిల్లల ఉగ్గు పిండి పడతారు. కాలనీలో ఎవరింట్లో పాప పుట్టినా ఆ మొదటి వంతు ఆ పాపది. రంజాను ముందు హలీముకు గోధుమ రవ్వ పట్టడానికి, పెళ్ళిళ్ళకు పసుపు పట్టడానికి వేరే రోజులున్నాయి. బాయిలో మొగుళ్ళకు కాళ్ళో చేతులో పోయిన నలుగురు ఆడవాళ్ళు అక్కడ పనిచేసి ఇల్లు నడుపుకుంటున్నారు. మిగులుతో ఏం చెయ్యాలో సభ్యులే కూర్చుని అనుకుంటారు. ఒక ఏడు తాగునీళ్ళ ట్యాంకు కట్టారు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మెలో నెలకు పైగా బాయిలన్నీ మూతబడి ఇళ్ళలో జీతం లేనప్పుడు, ఎవరి దగ్గరా కూలి తీసుకోకుండా పిండి పట్టాలని చేతులెత్తి తీర్మానించారు. ఆ నెలంతా సారవ్వ కూడా జీతం తీసుకోలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన కట్టుబాటు ఒకటుంది. వచ్చిన డబ్బా వచ్చిన చోటే ఉంటుంది. మనిషి పక్కకు పోయినా డబ్బా ఉంటే వంతు ఉన్నట్టే. ఆఫీసరుదైనా ఊడ్చేవాళ్ళదైనా ఎవరి డబ్బాను ఎవరూ జరపరు. ఆ మాట సారవ్వే గోడ మీద రాయించింది. చదవడం రాకపోయినా ఆ అక్షరాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో ఆమెకు తెలుసు.

పదిహేనేళ్ళ లీజంటే ఆ గోడకు సున్నం వేసేస్తారు. ఉగ్గు పిండికి మళ్ళీ చౌరస్తాకే పోవాలి. అక్కడ సేటు ఇంకా ఉన్నాడు, కాలూ ఉంది.

సంఘం నియమాల పుస్తకాన్ని యాస్మీన్ ఒక సాయంత్రం కూర్చుని మొత్తం చదివింది. సభ్యుల్లో ఐదోవంతు మంది రాసిస్తే మళ్ళీ సమావేశం పెట్టక తప్పదని, అందులో ముందటి తీర్మానాన్ని రద్దు చేయవచ్చని తేలింది. నలభై రెండు సంతకాలు చాలు. లీజు కాగితాల మీద సంతకాలయ్యే ఒకటో తారీఖుకు ఇంకా పన్నెండు రోజులుంది.

సారవ్వ, యాస్మీన్ ఇంటింటికీ బయల్దేరారు. మొదటి ఇల్లు పోశంది. బాయిలో బొగ్గు తొట్లను లాగే హాలేజీకి డ్రైవరు, మంచి మనిషి.

"కాకా, ఇది చదువుతా, వినండి" అని యాస్మీన్ మొదలుపెట్టింది.

"చదువుడెందుకు బిడ్డా? సారవ్వ వచ్చిందంటే మంచికే ఉంటది. ఇటు దే, పెడ్త," అని పోశం పెన్ను అందుకున్నాడు.

సారవ్వ ఆ పెన్ను గుంజుకుంది. "గిదే! గిదే మన రోగం! ఏం రాసుందో తెల్వకుంట ఎల్లేశానికి పెట్టినవ్, ఇప్పుడు నాకు పెడ్తున్నవ్. నేను నీ ఇల్లే రాయించుకుంటే?"

"నువ్వెందుకు రాయించుకుంటవ్ సారవ్వా?"

"ఎల్లేశం గూడ ఎందుకు రాయించుకుంటడనే గదా అనుకున్నం! విను. పూర్తిగ విను. విన్నంక మళ్ళ నాకు చెప్పు, ఏం రాసుందో. అప్పుడు పెట్టు."

పోశం విన్నాడు. తిరిగి చెప్పాడు. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగి, "అంటే మన గిర్నీ పోయినట్టేనా?" అన్నాడు. నెల రోజుల తర్వాత అతనికి విషయం అర్థమైంది. అట్లా ప్రతి ఇంట్లో చదవడం, తిరిగి చెప్పించడం. కొందరు విసుక్కున్నారు. కొందరు, ఇంటికే ఇంత వస్తుందంటున్నాడు కదా, ఇస్తే తప్పేంటన్నారు. వాళ్ళతో సారవ్వ గంటలకొద్దీ కొట్లాడింది. మూడు రోజుల్లో అరవై మంది అయ్యారు. గొంతు పోయింది. అయినా బొంగురు గొంతుతోనే తిట్టింది.

సమావేశం ఆదివారం పెట్టారు. బాయివాళ్ళు ప్లే డే అంటారు, వారపు సెలవు. ఆ రోజు డ్యూటీ దొరికితే రెండు రోజుల జీతం, అందుకని దానికి పోటీ ఎక్కువ.

ఈసారి బల్ల లేదు, కుర్చీలు లేవు, ద్వారం దగ్గర రిజిస్టరు లేదు. ఎవరి పిండి డబ్బా వాళ్ళు తెచ్చుకుని దాన్నే బోర్లించి కూర్చోవాలని సారవ్వ ముందే చాటింపు వేసినట్టు చెప్పింది. మధ్యాహ్నం రెండు గంటలకు షెడ్డు ముందర రేకు డబ్బాలు, స్టీలు డబ్బాలు, నూనె పీపాలు బోర్లించి జనం కూర్చున్నారు. రిజిస్టరు సారవ్వ చంకలో ఉంది.

"మస్టర్ ఎప్పుడు పడుతది?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఆఖర్నే!" సారవ్వ లేచింది. "మీటింగ్ అయినంకనే మస్టర్. నడిమిట్ల పోయేటోడు డబ్బా గూడ తీస్కొని పో. ఇయ్యాల డబ్బా ఉంటే మనిషి ఉన్నట్టు కాదు. మనిషే ఉండాలె."

అంటూనే లెక్క చూసుకుంది. అందరి డబ్బాలున్నాయి, తన ఇంటి డబ్బా లేదు. గట్టయ్యకు ప్లే డే డ్యూటీ దొరికిందని పొద్దున విన్నది, సాయంత్రం దాకా రాడని తెలుసు. ఊరందరినీ కూర్చోబెట్టి సొంత మొగుణ్ణి కూర్చోబెట్టలేకపోయిందని ఎల్లేశం నవ్వుతున్నట్టే అనిపించి ఆమెకు చెవులు కాలిపోయాయి.

యాస్మీన్ పాత తీర్మానం ఒక్కో వాక్యం చదివింది. ప్రతి వాక్యానికీ ఆగి, అర్థమైందా అని అడిగింది. తర్వాత సారవ్వ ఎల్లేశాన్ని మాట్లాడమన్నది. "వానికెందుకు?" అని నలుగురు లేచారు. "వాడు గూడ సభ్యుడే, కూసోండ్రి!" అని వాళ్ళనూ కసిరింది. ఎల్లేశం చెప్పాల్సిందంతా చెప్పాడు, రోడ్డు, గిరాకీ, అరిగిన రాళ్ళు. అన్నీ విన్నారు. మధ్యలో సైరను మోగింది, ప్లే డే అయినా ఓపెన్ కాస్టుకు సెలవు లేదు. నేల అదిరింది. షెడ్డు రేకుల మీది దుబ్బ జనం నెత్తి మీద రాలింది. తలలు దులుపుకున్నారు గానీ ఒక్క డబ్బా లేవలేదు.

అప్పుడొచ్చాడు గట్టయ్య. బాయి బూట్లు, చేతిలో టిఫిను, చంకలో ఇంటి పిండి డబ్బా. సారవ్వ కోపం అటు తిరిగింది.

"ఆడ మస్టర్ పడి ఈడికి వచ్చినవా? మళ్ళ అదే బుద్ధి! దొంగ మస్టరుతోని వచ్చినోని ఓటు నాకు వద్దు. పో!"

జనమంతా నవ్వారు. గట్టయ్య నవ్వలేదు.

"పడలేదే," అన్నాడు. "పొద్దున పోయిన. బాయి మీద లైన్ల నిలబడ్డ. పేరు పిలిచిర్రు. పలకకుంట వెనక్కి వచ్చిన. ముప్పై ఏండ్లల్ల మస్టర్ పడకుంట వచ్చుడు గిదే మొదటిసారి. ఇంటికి రావాలంటే, డ్యూటీ ఇడిసినవని తిడ్తవని భయమై గోదారి ఒడ్డున కూసున్న. తాళం తీసి డబ్బా తెచ్చేసరికి గిప్పుడైంది."

రెండు రోజుల జీతం వదులుకుని వచ్చిన మొగుణ్ణి సారవ్వ చెయ్యి ఊపి ముందుకు పిలిచింది. ముందు వరుసలో ఖాళీ చూపించింది. గట్టయ్య డబ్బా బోర్లించి కూర్చున్నాడు.

ఓట్లకు చీటీలు పెట్టలేదు. లీజు వద్దనేవాళ్ళు తమ డబ్బాను తెచ్చి గిర్నీ ముందు వరుసలో పెట్టాలి, కావాలనేవాళ్ళు ఉన్నచోటే ఉండాలి. పోశం మొదట లేచాడు. లతీఫున్నీసా, గట్టయ్య, తర్వాత ఇక లెక్క తప్పింది. వరుస గుమ్మం నుంచి మొదలై, ట్యాంకు చుట్టూ తిరిగి, రోడ్డు దాకా పోయింది. వరుసలో డబ్బా పెట్టినవాళ్ళు నూట అరవై ఎనిమిది మంది, లేవనివాళ్ళు పందొమ్మిది. లీజు రద్దయింది. ఎల్లేశం సెక్రెటరీ పదవి కూడా పోయింది. రిజిస్టరు అప్పుడు తెరిచారు. అందరూ పెట్టాక, చివరన, సారవ్వ బొటనవేలును కొంగుకు రెండుసార్లు తుడుచుకుని ముద్ర వేసింది.

జనం సంబరంగా ఇళ్ళకు పోయారు. ఆమెకు మాత్రం సంబరం రాలేదు. ఒక్క వేలిముద్రతో పోబోయిన దాన్ని ఇంతమందిని బతిమిలాడి, తిట్టి, కూర్చోబెట్టి దక్కించుకోవాల్సి వచ్చిందే అన్న మంట అట్లాగే ఉంది.

మర్నాడు సోమవారం. ఉగ్గు పిండి వంతులు అయిపోయాక వరుస మొదలైంది. నాలుగో డబ్బా ఎత్తబోతూ సారవ్వ ఆగింది. మూత మీద పచ్చ రంగుతో రాసిన ఆ గుర్తు ఆమెకు తెలుసు. ఎల్లేశం ఇంటి డబ్బా. అతను గోడవారగా, ఎటో చూస్తూ నిలబడ్డాడు. ఇంట్లో పిండి అయిపోయి ఉంటుంది. చౌరస్తాకు పోవచ్చు కదా, పోలేదు.

"తన్నేయ్ సారవ్వా!" అన్నది వరుసలో ఒకామె. ఇంకొకరు, "మోరీల పారేయ్" అన్నారు. పది గొంతులు లేచాయి.

సారవ్వ కాలు నిజంగానే లేచింది. బొగ్గు బురదలో పడ్డ తన గోధుమలు కళ్ళముందు మెదిలాయి. తొమ్మిదేళ్ళ కింద తన్నిన కాలు ఎట్లా ఉండిందో ఆమెకు తెలుసు, ఇప్పుడు తన కాలు అట్లాగే ఉంది. దించింది. దించుతూ వరుసలోవాళ్ళ మీద విరుచుకుపడింది.

"ఎవల డబ్బాను ఎవలు జరపద్దని గోడ మీద రాసింది మీకు కనపడ్తలేదా? చదువొచ్చి గూడ నోరేంది మీకు? వాని మీద కోపం నాకు మీకన్న ఎక్కువ. సచ్చేదాక పోదు. కానీ వంతు వానిది."

డబ్బా ఎత్తి గోధుమలు పోసింది. మోటారు మోత మీదుగా, ఆపకుండా, ఎల్లేశాన్ని పుట్టిన నాటి నుంచి తిడుతూనే పట్టింది. పిండి గుడ్డ సంచిలోంచి తెల్లగా దిగింది. చివరి దోసెడు కూడా చీపురుతో ఊడ్చి డబ్బాలో వేసింది.

ఎల్లేశం తల వంచుకుని డబ్బా తీసుకుని గబగబా నడవబోయాడు.

"ఆగు," అన్నది సారవ్వ.

ఆగాడు.

"మూత తీసి చూస్కో. తరుగుందేమో, కారం కలిసిందేమో చూస్కొని పో. చూడకుంట పోవుడు ఇగ ఈడ ఎవలకు లేదు."

అతను మూత తీశాడు. వేళ్ళతో పిండి తీసి చూసుకున్నాడు. తల ఎత్తకుండానే, "మంచిగుంది వదినె" అన్నాడు.

సారవ్వ వరుస వైపు తిరిగింది. "తర్వాతి డబ్బా ఎవలదే?" అని అరిచింది.